పదింటికి పామర్రు కోర్టులో

ఆ ఉదయం జుబియా వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఏడున్నరకు కాలేజీ గేటు ముందు బస్సు, తొమ్మిదింటికి పామర్రు, పదింటికి మ్యాచ్. ఆమె స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివి, బెంజ్ సర్కిల్ దగ్గరి ఓ మహిళా కాలేజీలో క్రీడల ఇన్‌ఛార్జిగా చేరి మూడు నెలలైంది. పట్టుబట్టి కబడ్డీ జట్టును తయారుచేసింది. ప్రిన్సిపాల్ స్టెల్లా గారు మాత్రం, "ఈ ఒక్క మ్యాచ్ చూస్తానమ్మా. ఓడిపోయి వస్తే వచ్చే ఏడు కబడ్డీ లేదు" అని తేల్చేశారు.

సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపి, జుబియా ఆఫీసు గుమాస్తా బాలశౌరికి ఫోన్ చేసింది. "సార్, గ్రూపులో మెసేజ్ పెట్టండి. మొదటి రైడ్ బ్లెస్సీది. పదింటికల్లా అందరూ పామర్రు కోర్టులో ఉండాలి. ఆధార్ కార్డు తప్పనిసరి."

బాలశౌరి పొల్లు పోకుండా పెట్టాడు. కాకపోతే జట్టు గ్రూపులో కాదు, తల్లిదండ్రుల గ్రూపులో. ఇళ్ళలో వద్దంటారని అమ్మాయిలు కబడ్డీ మాటే ఎత్తలేదు, పామర్రులో సెమినార్ అని చెప్పారు. ఆ సంగతి జుబియాకు తెలియదు.

రెండు నిమిషాల్లో బ్లెస్సీ తండ్రి శౌరయ్య ఫోన్ చేశాడు.

"మేడం, మా పిల్ల మీద రైడ్ ఏంటండీ?"

"మీ పిల్ల మీద కాదండీ. బ్లెస్సీయే రైడ్‌కి వెళ్తుంది."

"ఎవరింటి మీదకండీ?"

"అవతలి కాలేజీ వాళ్ళ మీదకి. వాళ్ళు పట్టుకుంటే బయటికి పంపేస్తారు. మనకి పాయింటొస్తే మళ్ళీ లోపలికి..."

"లోపలికా!" అని ఒక్క కేక పెట్టి ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఏడున్నరకు గేటు ముందు తల్లిదండ్రులు, చుట్టాలు కలిపి నలభై మంది ఉన్నారు. శౌరయ్య పక్కన నల్లకోటుతో కిరీటి అనే లాయరు గారు కూడా ఉన్నారు. "కబడ్డీ అండీ, ఆట!" అని జుబియా గొంతు చించుకుంది.

"రాత్రి సెమినార్ అన్నారు, పొద్దున రైడ్ అన్నారు, ఇప్పుడు ఆటంటున్నారు. ఏదో దాస్తున్నారు మేడం" అన్నాడు శౌరయ్య. బ్లెస్సీ తల ఎత్తలేదు. "కంగారు పడకండి, బెయిల్ సంగతి నేను చూసుకుంటాను" అని లాయరు గారు అభయమిచ్చారు. దాంతో ఇద్దరు తండ్రులు కూతుళ్ళను ఇంటికి తీసుకుపోయారు. జట్టులో సరిగ్గా ఏడుగురు మిగిలారు.

ఈలోగా ప్రిన్సిపాల్ ఫోన్. "జుబియా, ఈ కోర్టు కేసేంటి? కాలేజీ పరువు పోతుంది. బస్సు ఆపెయ్యి!"

జుబియా, "పదింటికి జట్టు దిగకపోతే ఆడకుండానే ఓడినట్టు మేడం. బస్సు ఆపను. మీరే పామర్రు రండి" అంది. తల్లిదండ్రుల వైపు తిరిగి, "నా మాట నమ్మకండి. బస్సెక్కండి, మీ కళ్ళతో చూడండి" అంది.

ఎక్కినవాళ్ళు ఎక్కారు, మిగతావాళ్ళు బైకుల మీద వెంటబడ్డారు. ఉయ్యూరు దాటేసరికి దారిన పోయేవాళ్ళు ఇది ఎవరి పెళ్ళని అడిగారు.

పదింటికి బ్లెస్సీ గీత దాటి కూత పెట్టగానే శౌరయ్య కుర్చీలోంచి లేచాడు. "ఓసోస్, చెడుగుడా! కూతకెళ్ళటం అని చెప్పొచ్చు కదండీ!" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ కూర్చోలేదు. అవతలి కాలేజీకి చప్పట్లు కొట్టేవాళ్ళే లేరు. ఇటు నలభై గొంతులు.

చివరి నిమిషానికి బ్లెస్సీ ఒక్కతే మిగిలింది. ఒక్క పాయింటు వెనక. వెళ్ళి ఇద్దరిని తాకింది. నడుం పట్టుకున్నారు. "గీత అందుకో తల్లీ!" అని తండ్రి అరిచాడు. బ్లెస్సీ ముందుకు పడి వేలి కొసతో గీతను తాకింది. లాయరు గారి కోటు గాల్లోకి లేచింది.

అప్పుడే కారు దిగిన స్టెల్లా గారు గెలుపు కంటే ఆ జనాన్ని ఎక్కువసేపు చూశారు. "నేను పేరెంట్స్ మీటింగ్ పెడితే నలుగురు రారు. వీళ్ళను ఎలా రప్పించావమ్మా?"

"వచ్చే ఏడు కూడా కబడ్డీ ఉంటే, మీటింగులకీ రప్పిస్తాను మేడం" అంది జుబియా, చెమట తుడుచుకుంటూ.

"ఉంటుంది" అన్నారు ప్రిన్సిపాల్.

ఆ నెల మీటింగులో కుర్చీలు చాలక స్టెల్లా గారు గంటన్నర నిలబడే మాట్లాడారు.