లోపం, ఆగమం, ఆదేశం

చిక్కడపల్లిలో ఏడుకొండలు గారిని వెనకాల అందరూ ‘అప్‌డేట్ కొండలు’ అంటారు. ఫోన్లో ఎర్రచుక్క కనబడితే అది నొక్కేదాకా అన్నం సహించదు ఆయనకు. అలాంటి మనిషి ఇంట్లో పద్నాలుగేళ్ల నాటి ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఇంకా ఉందంటే, అది భార్య కమలాకుమారిది కాబట్టే.

ఆవిడ రిటైరైన తెలుగు టీచరు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు ఉద్యోగాలకు చదివే ఆడపిల్లలకు రోజూ పొద్దున వ్యాకరణం చెబుతారు, ఊరికే. ఆ నోట్సంతా అందులోనే ఉంది.

“కొత్తది ఎక్కిద్దామే కమలా. పక్కింటి రామచంద్రరావు ఎక్కించాడు. రంగులే రంగులు!”

“సంధులకు రంగులెందుకండీ?”

“పాతదానికి కంపెనీవాళ్లు ఇక పూచీ పడరట.”

“ముప్పై ఏళ్ల నాటి మొగుడికి ఎవరు పూచీ పడుతున్నారు? వాడుకోవడం లేదూ? నా అక్షరాలు పాతకాలపువి. కొత్తదాంట్లో ఇమడవు. ముట్టుకున్నారో!”

అక్షరాల్లో పాతేమిటి, కొత్తేమిటి అని ఆయన లోలోపల నవ్వుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆవిడ కచేరీకి గానసభకు వెళ్లగానే పాతది పీకేసి కొత్తది ఎక్కించేశారు. మురిసిపోతూ నోట్సు తెరిచారు.

‘సంధులు’ అని ఉండాల్సిన చోట రెండు డాలరు గుర్తులు, ఒక ప్రశ్నార్థకం, తోక తెగిన ఇంగ్లీషు అక్షరం ఉన్నాయి. నాలుగు వందల పేజీలూ అంతే. ఒక అక్షరం పోయి ఆ చోట ఇంకోటి రావడాన్ని ఆదేశం అంటారని కమల నోట వెయ్యిసార్లు విన్నారు గానీ, ఇంత ఆదేశం ఎన్నడూ చూడలేదు.

రేపు పొద్దునే క్లాసు. పదిరోజుల్లో పిల్లలకు పరీక్ష. ఆయన ఆ నోట్సును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బాగుచేస్తారేమోనని అశోక్‌నగర్ జిరాక్సు షాపుకు పరిగెత్తారు. అక్కడ కమల శిష్యురాలు రేణుక ఎదురైంది.

“ఏంది సార్, గిట్ల ఆగమాగం వస్తున్నరు?”

“పద్నాలుగేళ్ల మీ మేడం కష్టం తల్లీ, నా చేత్తో ముంచేశాను!”

జరిగింది విని రేణుక నవ్వాపుకుంది. “పరేషాన్ గాకుండ్రి సార్. నెల కిందనే మేడం మా ఆరుగురికి పేజీలు పంచిన్రు. అంత ఈ షాపులనే కొత్త ఫాంటుల టైపు చేసినం. ఎక్కడన్న తెరుసుకుంటది. చేసుకుంట చేసుకుంట మాకు సంధులన్ని నోటికొచ్చినయి.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీ మేలు మరిచిపోనమ్మా.”

“గదేంది సార్! మేడం మాకు ఊకెనే చెప్తలేరా?”

కొత్త కాపీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. నారాయణగూడ దాకా నడిచి వెళ్లి, ఆరుగురికీ అని బిస్కెట్ల డబ్బా తెచ్చి రేణుకకు ఇచ్చి, ఆయన ఇంటిదారి పట్టారు. కమల వచ్చేలోగా దీన్ని కంప్యూటర్లో పెట్టేస్తే ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. పెట్టారు. తెరిచారు. మొదటి పేజీలో తెలుగు ముత్యాల్లా ఉంది.

‘ఏమండీ, ఇది చదువుతున్నారంటే పాతది తీసేశారన్నమాట. మీ సంగతి తెలిసే పిల్లలచేత టైపు చేయించాను. లోపం మీది. పిల్లల భాషలో చెప్పాలంటే, ఆగమై పరుగులు పెట్టిందీ మీరే. ఇక ఆదేశం నాది. చింతపండు నానబెట్టండి. నేనొచ్చేసరికి చారు మరుగుతూ ఉండాలి.’

“బతికించావే తల్లీ!” అని గానసభ వైపు తిరిగి దణ్ణం పెట్టి, ఏడుకొండలు గారు వంటింట్లోకి నడిచారు.