మెంతిమడి పందెం

మొగుడు రిటైరైతే ఇంట్లో ఒక మనిషి పెరుగుతాడు, చోటు పెరగదు. జహీరాబాద్ మాణిక్‌కి ఈ సంగతి దసరా వెళ్ళిన వారానికే తెలిసింది.

చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు సూపర్‌వైజరుగా చేశాడు. వాడలో అందరూ ఆయన్ని వెనకాల 'హుకుం మాణిక్' అనేవారు. మిల్లులో ఆయన ఈల వేస్తే రెండు వందల మంది కదిలేవారు. ఇంట్లో వేస్తే కుక్కర్ అనుకుని భార్య నీలమ్మ పొయ్యి కట్టేసింది.

బీరువా తాళం ఆమెది. టీవీ రిమోట్ ఆమెది. ఏ పూట ఏం వండాలో ఆమె ఇష్టం. మిగిలింది పెరడు. స్నానాల నీళ్ళు పారే నేల, రెండు మడులకు సరిపోతుంది. కనీసం అక్కడైనా తన మాట చెల్లాలనుకున్నాడు మాణిక్.

"ఈ చలికాలం పెరట్ల ఏం వెయ్యాల్నో నేను చెప్త," అన్నాడు.

"చెప్పు. ఇనేటోళ్ళు ఎవరన్న ఉన్నరేమో చూస్త."

"నీ బూడిద విత్తనాలకు కాలం చెల్లింది. బజార్ల మంచి ప్యాకెట్లు వచ్చినయ్."

"ప్యాకెట్ మీది బొమ్మ మొలుస్తదా?"

పందెం పడింది. రెండు మడుల్లోనూ మెంతికూరే. ఒకదాంట్లో మాణిక్ కొన్న ప్యాకెట్ మెంతులు, రెండోదాంట్లో నీలమ్మ బూడిదలో దాచిన ఇంటి మెంతులు. ఎనిమిదో రోజుకి ఎవరి విత్తనం బాగా మొలిస్తే పెరట్లో వాళ్ళ మాట. ఓడినవాళ్ళు శివరాత్రి దాకా రెండు మడులకూ నీళ్ళు మోయాలి. తీర్పు పక్కింటి కిరాణా రేవణసిద్ధప్పది. ఆయన తూకంలో తప్ప ఎక్కడా అన్యాయం చేయడని పేరు.

ఆ సాయంత్రం మాణిక్ రెండు రకాల గింజలూ అరచేతిలో పోసి చూశాడు. ఇంటివి బలంగా, నిండుగా ఉన్నాయి. ప్యాకెట్‌వి మిల్లులో రాత్రి షిఫ్టు చేసి వచ్చినట్టున్నాయి. దాంతో న్యాయంగా ఆడే ఆలోచన మానుకున్నాడు.

ఆదివారం నీలమ్మ షేర్ ఆటో ఎక్కి ఝరాసంగంలో చెల్లెలింటికి, తొట్టెల వేడుకకి వెళ్ళింది. ఆటో మలుపు తిరగగానే మాణిక్ ఆమె విత్తనాల గిన్నె దించాడు. బూడిద జల్లించి, గింజలు మూకుడులో పోశాడు. లైటర్ ఎటు పట్టుకోవాలో తెలియడానికి పావుగంట పట్టింది. మెంతులు సన్నసెగ మీద వేయించి, చల్లార్చి, మళ్ళీ బూడిదలో కలిపి గిన్నె యథాస్థానంలో పెట్టాడు. వేగిన గింజ బతికి మొలిచిన దాఖలా లేదు.

వాసన మాత్రం నాలుగిళ్ళు తిరిగింది. గోడ అవతల నుంచి సిద్ధప్ప అరిచాడు. "ఏం మాణికూ, తొక్కు పెడ్తున్నవా?"

సాయంత్రం నీలమ్మ గడపలోనే ఆగింది.

"ఏం వాసనిది?"

"మోకాళ్ళు గుంజుతున్నయని మెంతిపొడి చేసుకున్న."

"ఏ మోకాలు?"

"రెండు."

"అయ్యో, జర ముందుగాల చెప్పరాదు?"

మర్నాడు తెల్లారేసరికి పరగడుపున వేడినీళ్ళలో మెంతిపొడి తెచ్చింది. రెండు చెంచాలు, మోకాలికొకటి. మాణిక్ కళ్ళు మూసుకుని తాగాడు.

"నొప్పి తగ్గిందా?"

"పూరా తగ్గింది."

"అంటే మందు పనిచేస్తున్నట్టే. ఆపొద్దు."

మూడు రోజులు తాగాడు. నాలుక మీద బెల్లం పెట్టుకున్నా చేదే తగిలింది. గెలుపు దగ్గర్లోనే ఉందనే ధైర్యంతో మింగాడు.

గురువారం విత్తారు. మగవాడు మడి కట్టాలి, ఆడమనిషి విత్తనం వేయాలి. న్యాల్‌కల్‌లో ఉన్నప్పుడు మాణిక్ తల్లి ఎల్లమ్మ పెట్టిన నియమం అది. ఆమె పోయి పదేళ్ళైనా ఆ మాట దాటే ధైర్యం కొడుక్కి లేదు.

"నీ ప్యాకెట్ గూడ ఇటియ్యి," అంది నీలమ్మ. "బూడిద కలపకుంటే చీమలెత్కపోతయ్."

ఇచ్చాడు. ఆమె లోపలికి వెళ్ళి రెండు గిన్నెలతో వచ్చింది. రెండూ ఒకేలా బూడిదరంగు. ఒకటి అతని మడిలో చల్లింది, ఒకటి తన మడిలో చల్లింది. మాణిక్ మట్టి కప్పుతూ లోపల్లోపల నవ్వుకున్నాడు.

నాలుగో రోజున నీలమ్మ మడి పచ్చబడింది. మాణిక్ కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ఇంకా పచ్చగా కనబడింది. తన మడిలో చీమ తప్ప ఏదీ కదలడం లేదు. వేలితో మట్టి గీకి ఒక గింజ తీశాడు. ఉబ్బింది, మెత్తబడింది, మొలక లేదు. మాడిన గోధుమరంగు. తన చేతి వంటను తాను గుర్తుపట్టాడు.

ఎనిమిదో రోజు సిద్ధప్ప తీర్పుకి వచ్చాడు.

"విత్తనాలు మారినయ్ కాకా!" అన్నాడు మాణిక్. "నా మడిల పడ్డయి ఆమెవి. అగో, ఆ మొలిచినయి నా ప్యాకెట్‌వి."

"అట్లైతే నువ్వే గెలిచినట్టు," అన్నాడు సిద్ధప్ప. "మరి గుర్తేంది? రెండూ బూడిదలనే ఉండె గద."

"చెప్పు," అంది నీలమ్మ, కొంగు నడుముకి దోపుకుంటూ. "నేను గూడ ఇంట."

మాణిక్ కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"నేను ఏటా విత్తే ముందట పది గింజలు తడిగుడ్డల కట్టి చూస్త కాకా," అంది ఆమె. "ఊరికి పొయ్యేముందు కట్టినయి పదీ మొలిచినయ్. వచ్చినంక మళ్ళ పది కట్టిన. ఒక్కటి మొలవలే. ఆ ఒక్క పూటల నా గింజలకు ఏమైందో ఏమో. ఈయననే అడుగుదామనుకున్న. పాపం, మోకాళ్ళ నొప్పిల ఉండె."

సిద్ధప్ప ముక్కు ఒకసారి ఎగబీల్చి మాణిక్ వైపు చూశాడు. మాణిక్ ఆకాశం వైపు చూశాడు. కార్తీకమాసం ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, దాక్కోవడానికి.

ముందర కళకళలాడుతున్నది తన విత్తనమే. గెలిచింది తనే. ఆ మాట నిరూపించాలంటే మూకుడు సంగతి చెప్పాలి.

"నేనే పొరపాటు పడ్డ కాకా," అన్నాడు. "గెలిచింది నీలమ్మ విత్తనమే."

తీర్పు చెప్పే పని తప్పినందుకు సిద్ధప్ప ఒక పిడికెడు మెంతికూర తెంపుకుని వెళ్ళిపోయాడు.

మాణిక్ బిందె ఎత్తి పచ్చటి మడి తడిపాడు. బిందె దించి చేతులు దులుపుకున్నాడు.

"రెండో మడి?" అంది నీలమ్మ.

"దాంట్ల ఏం మొలవది గద."

"ఎందుకు మొలవదో చెప్పు. పొయ్యకు."

మాణిక్ రెండో బిందెకి వెళ్ళాడు.