నైరుతి బరువు

కాలువగట్టు కాలనీలో కామేశం గారి ఇంటి నైరుతి గోడ పగలగొడుతుంటే, పంతొమ్మిదేళ్ళ క్రితం తప్పిపోయిన మీటరు రీడరు వీరభద్రం అందులోంచి మొహం బయటపెట్టి, "నాలుగు వేల మూడొందల పదహారు, రాసుకోండి" అన్నాడు.

మేస్త్రి ధర్మారావు సుత్తి కింద పెట్టి రాసుకున్నాడు. పాత ఇళ్ళు బాగుచేసే పనిలో ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు గనక గోడలో మనిషి తగలడం అతనికి కొత్త కాదు. మామూలుగా ఏ పిన్నిగారో, ఏ పెళ్ళికాని బాబాయో తగులుతారు. ఇంటివాళ్ళే కాబట్టి దులిపి కుర్చీలో కూర్చోబెడితే సరిపోతుంది. బయటి మనిషి, అందులోనూ ఉద్యోగస్తుడు తగలడం ఇదే మొదలు. దానికి పోలీసులకు చెప్పాలి.

అసలు పని చెమ్మతో మొదలైంది. కామేశం గారు రిటైరైన హెడ్మాస్టరు. ఏటా రంగు వేయిస్తున్నా ఆ గోడ మీద ఐదున్నర అడుగుల ఎత్తులో రంగు పొరలుగా లేచిపోతోంది. ధర్మారావు వేలి కణుపుతో కొట్టి చూసి డొల్లగా ఉందన్నాడు. లోపల వీరభద్రం నుదురు ఆనించిన చోటు అది. మనిషి మాత్రం అప్పటి ఖాకీ చొక్కాలో, అప్పటి ముప్పై నాలుగేళ్ళ వయసులో, చేతిలో రీడింగు పుస్తకంతో అలాగే ఉన్నాడు. గోడలో ఉన్నవాళ్ళకి ఆకలి వెయ్యదు, వయసు రాదు. విసుగు మాత్రం వస్తుంది.

హెడ్ కానిస్టేబుల్ నూకరాజు పాత ఫైలు పట్టుకుని వచ్చాడు. కామేశం గారి భార్య అందరికీ టీ ఇచ్చి, వీరభద్రానికి గోడలోకే అందించింది.

"అన్నేళ్ళు లోపలున్నారు, ఓసారైనా అరవలేదేంటండీ?" అన్నాడు నూకరాజు.

"అరిచానండి. ఒక్క నిమిషం అన్నానండి."

"ఎవరితోటి?"

"గోడ కట్టిన మేస్త్రి గారితోటి."

"ఆ మేస్త్రి ఎవరో తెలుసునా?"

వీరభద్రం టీ ఊదుకుంటూ ధర్మారావు వైపు చూశాడు. ధర్మారావుకి ఆ సంగతి అప్పటికే తెలిసిపోయింది. చివరి ఇటుక పెట్టాక పచ్చి సిమెంటు మీద బొటనవేలు అద్దడం అతని అలవాటు. ఊడదీసిన ఇటుక మీద ఆ గుర్తుంది. వేలు పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది.

"నేనేనండి," అన్నాడు.

జరిగింది చిన్న విషయమే. అప్పట్లో అక్కడొక చిన్న గదీ, దానికొక తలుపూ, లోపల కరెంటు మీటరూ ఉండేవి. నైరుతిలో తలుపు ఉంటే ఇంట్లో ఏదీ నిలవదనీ, ఆ మూల బరువుండాలనీ సిద్ధాంతి గారు చెప్పారు. మూసెయ్యడానికి పదకొండు నలభై రెండుకి ముహూర్తం పెట్టారు. చివరి ఇటుక పెట్టేముందు లోపలెవరండీ అని మూడుసార్లు పిలవడం మేస్త్రీల ఆచారం. ధర్మారావు పిలిచాడు. మూడోసారికి "ఒక్క నిమిషం" అని వినపడింది. సిద్ధాంతి గారు వాచీ చూసి, నిమిషం లేదన్నారు. ఆ మనిషి అవతలి వైపు నుంచి వెళ్ళిపోతాడులే అని అందరూ అనుకున్నారు. అవతలి వైపు దారి లేదు.

నూకరాజు ఫారం తీశాడు. హత్య, ప్రమాదం, ఇల్లు వదిలి పోవుట అని గడులున్నాయి గానీ ముహూర్తం అనే గడి లేదు. 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాడు. కేసు తేలిపోయింది.

"ఆ రాతలు తర్వాత చూసుకుందురు గాని," అన్నాడు ధర్మారావు చెయ్యి చాచి. "ముందు దిగండి బాబూ. నా చేత్తో మూశాను, నా చేత్తోనే తీసుకెళ్ళి మీ ఇంటికాడ దింపుతాను."

వీరభద్రం కుడికాలు బయటపెట్టాడు. హాలు కప్పు ఫ్యాను దగ్గర్నుంచి కిటికీ దాకా బీట ఇచ్చింది. కాలు లోపలికి తీసుకున్నాడు. బీట కలిసిపోయింది. ఎడమకాలు పెట్టి చూశాడు. అదే బీట.

సిద్ధాంతి గారికి ఇప్పుడు ఎనభై రెండు. ఆటోలో తీసుకొచ్చారు. పంతొమ్మిదేళ్ళుగా ఇల్లు ఈ మనిషి బరువు మీదే నిలబడిందని చెప్పారాయన. ధర్మారావు ఊరుకోలేదు. వీరభద్రాన్ని అడిగి తూకం కనుక్కుని, సరిగ్గా అరవై రెండు కిలోల ఇసుక బస్తా తెచ్చి పక్కన పెట్టాడు. ఈసారి కాలు పెడితే బీటతో పాటు వంటింటి తలుపు కూడా బిగుసుకుపోయింది.

"ఇసుకకి బరువుంటుంది గానీ ఓపికుండదు కదయ్యా," అన్నారు సిద్ధాంతి గారు.

"కూలితే కూలనీండి. మళ్ళీ నేనే కట్టిపెడతాను," అన్నాడు ధర్మారావు.

కామేశం గారు కప్పు వైపు చూసి, వీరభద్రం వైపు చూసి, "వాళ్ళావిడ తీసుకెళ్తానంటే నేను అడ్డు చెప్పను" అన్నారు.

ఆవిణ్ణి పిలవనక్కర్లేకపోయింది. ఆ రోజు ఏడో తారీకు. ఆ వీధిలో మీటర్లు చూసే రోజు. ఏడేళ్ళు చూసి భర్త చనిపోయినట్టే అని కాగితం ఇచ్చాక, మంగతాయారుకి ఆయన ఉద్యోగమే ఇచ్చారు. పన్నెండేళ్ళుగా నెలనెలా ఆ ఇంటికొస్తోంది. మీటరు ఇప్పుడు వరండాలో, ఆ గోడకి బయటి వైపే ఉంది. రీడింగు రాసుకునేటప్పుడు కాసేపు దానికే ఆనుకుని నిలబడేది.

లోపలికి పిలిస్తే చెప్పులు విప్పి వచ్చింది.

"మంగా, జుట్టంతా నెరిసిపోయిందే," అన్నాడు వీరభద్రం.

"మీది నెరవలేదు."

"పాప?"

"పెళ్ళి చేశాం. పెళ్ళిలో మీ ఫొటో పెట్టాం."

"ఏది?"

"రేషన్ కార్డులోదే. పెద్దది చేయించాం."

"అది బాగోదు కదే."

"అదే ఉందండీ మరి."

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ఈయన బతికున్నట్టు నేను రాశాననుకో, ఈయన పోవడం మీద వచ్చిన నీ ఉద్యోగం చెల్లదు. పోనీ ఈయన్నే చేరమందామంటే, చెప్పాపెట్టకుండా మానేసినందుకు ఎప్పుడో తీసేశారు. పోయినట్టో కాయితం, తీసేసినట్టో కాయితం. రెండూ ఈ ఫైల్లోనే ఉన్నాయి. ఎలా రాయమంటావో చెప్పు."

మంగతాయారు రీడింగు పుస్తకం మూసి సంచీలో పెట్టుకుంది. మంచంలో ఉన్న అత్తగారు ఆవిడ జీతం మీదే బతుకుతోంది. వీరభద్రానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, గోడలో ఉన్నవాళ్ళకి చాలా వినపడతాయి.

"నీకింకా ఎన్నేళ్ళుంది సర్వీసు?" అని అడిగాడు.

"పద్నాలుగు."

"పంతొమ్మిది అయిపోయాయి కదా," అన్నాడు. "సరేలే."

"మేస్త్రి గారూ, ఓ చిన్న కిటికీ పెట్టడానికి అవుద్దా అండి?" అంది మంగతాయారు. ధర్మారావు సిద్ధాంతి గారి వైపు చూశాడు. నైరుతిలో కన్నం పనికిరాదన్నారు ఆయన.

ముహూర్తం మర్నాటికి పెట్టారు. టైము అదే, పదకొండు నలభై రెండు. మంగతాయారు సెలవు పెట్టి వచ్చింది. ధర్మారావు సిమెంటు కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. గట్టిపడిపోతే మళ్ళీ నీళ్ళు పోసి కలిపాడు. వరసలు లేచాయి. చివరి ఇటుక చేతిలో పట్టుకుని పిలిచాడు.

"లోపలెవరండీ? లోపలెవరండీ? లోపలెవరండీ?"

"ఒక్క నిమిషం," అన్నాడు వీరభద్రం.

సిద్ధాంతి గారు వాచీ చూసి నోరు తెరిచారు. "ఆగండి," అన్నాడు ధర్మారావు. జీవితంలో అతను సిద్ధాంతి గారిని ఆగమనడం అదే మొదలు.

అందరూ ఆగారు. వీరభద్రం ఇటుకంత సందులోంచి బయటికి చూశాడు. భార్య చేతిలోని సంచీ చూశాడు, గుమ్మంలో ఆవిడ విప్పిన అరిగిన చెప్పులు చూశాడు. ఏదో అడగబోయాడు. నిమిషం అయిపోయింది.

"ఏం లేదండి," అన్నాడు. "పెట్టెయ్యండి."

ధర్మారావు పెట్టి, బొటనవేలు అద్దాడు.

తర్వాతి నెల ఏడున మంగతాయారు వరండాలో నిలబడి, రీడింగు మామూలుకన్నా గట్టిగా చదివింది. గోడ అవతల ఎవరో దాన్ని మెల్లగా తిరిగి చెప్పి సరిచూశారు. కామేశం గారి ఇల్లు ఎక్కడా బీట ఇవ్వలేదు. చెమ్మ మాత్రం వరండా వైపు కూడా కనిపించింది, ఆడమనిషి తల ఆనించే ఎత్తులో.

పని బాగుందని పేరొచ్చి ధర్మారావుకి ఫోన్లు మొదలయ్యాయి. బట్టల కొట్టు బాబ్జీ పొద్దున్నే చేశాడు.

"మా ఇల్లు కూడా సన్నసన్నగా బీటలిత్తందండి. నైరుతిలో మనిషిని పెడితే ఆగుద్దంట కదా. మనిషిని మీరు తెత్తారా, మేమే చూసుకోవాలా?"

ధర్మారావు అలాంటి పని చెయ్యనని చెబుదామనుకున్నాడు. అతను కాదంటే చేసే మేస్త్రీలు ఊళ్ళో పదిమంది ఉన్నారు. వాళ్ళు మూడుసార్లు పిలవరు కూడా.

"మీ ఇంట్లో ఎంతమందండి?" అన్నాడు.

"నలుగురం."

"అందులో ఎప్పుడూ సర్దుకుపోయేది ఎవరండి?"

ఫోన్లో వెనక నుంచి మిక్సీ ఆగిన చప్పుడైంది. "ఎవరండీ, మేస్త్రి గారేనా? వచ్చేటప్పుడు టిఫిను తినొద్దనండి, ఇడ్లీ పెడతన్నాను," అంటోంది ఒక ఆడగొంతు.

బాబ్జీ గొంతు తగ్గించాడు.

"ఉన్నారండి."

ధర్మారావు కొలతల టేపు వెతుక్కోవడానికి లేచాడు.