కల్యాణి పాట, గౌరీశంకర్ నెట్టు

ఆదివారం పొద్దున టిఫిను కాగానే కల్యాణి కంప్యూటర్ ముందు కూర్చుని పాడాలి, గౌరీశంకర్ పక్కన నిలబడి గర్వపడాలి. అనుకున్నది అంతే. తెలుగు సంఘంవాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన పాటల పోటీ కోసం ఆవిడ వేసవంతా వంటింట్లో సాధన చేసింది. టాటానగర్ స్టేషన్లో సిగ్నల్ మెకానిక్ అయిన గౌరీశంకర్ తన వంతు సాయంగా ముందురోజు సాయంత్రం కంప్యూటర్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే కొత్తది ఎక్కించాడు.

"ఇంక సూడు, రాజధాని ఎక్స్‌ప్రెస్‌లాగ పరిగెడతాది!"

తెల్లారి చూస్తే గూడ్సు బండి నయమనిపించింది. మైకు పరీక్ష కోసం నిర్వాహకులు పిలిస్తే, తెర మీద కల్యాణి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"పోనీ ఫోన్లో పాడేత్తానండీ. దాన్లో నెట్టు బానే వత్తంది."

"అంత పెద్ద తెర పెట్టుకుని ఫోనేటి? కాసేపు ఆగు."

కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. ఫ్రిజ్ మీది రౌటర్‌ని కిటికీలోకి మార్చాడు. లాభం లేదు. ఇన్నేళ్లు సిగ్నళ్లు బాగుచేసినవాడికి తప్పు తన దగ్గరుందని ఎందుకు తోస్తుంది? చూపు పైకప్పు మీదికి పోయింది. ఆ బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్‌లో వాళ్ల పైవాటాలో బలరామ్ ఉంటాడు.

"మన నెట్టు ఆడే లాగేత్తన్నాడు. పక్కా చోరీ కేసు!" అని రౌటర్ పాస్‌వర్డ్ మార్చేశాడు. దాంతో కల్యాణి ఫోన్లో ఉన్న నెట్టు కాస్తా ఊడిపోయింది. ఆ గోడల మధ్య మొబైల్ సిగ్నల్ ఎటూ అందదు. కంప్యూటర్ మాత్రం కొత్త పాస్‌వర్డ్ అడగకుండానే ఈడుస్తూ నడుస్తోంది.

"సూసావా, ఇది యజమానిని గుర్తుపడతాది," అని మురిసిపోయి, దొంగని పట్టడానికి మెట్లెక్కాడు.

బలరామ్ తలుపు తీస్తూనే, "నేనే కిందకి వద్దామనుకుంతన్నాను అన్నయ్యా! నిన్న సాయంత్రం నుంచి మా నెట్టు సచ్చిపోయింది. ఎవడో తగులుకున్నాడు, సూడు," అని ఫోన్లో తన నెట్టు వాడుతున్నవాటి జాబితా చూపించాడు. అతని టీవీ, అతని ఫోను, వాటి కింద ఇంకో పేరు: గౌరీశంకర్ పీసీ.

కిందటి వానాకాలంలో గౌరీశంకర్ ఇంటి లైను తెగినప్పుడు బలరామే తన పాస్‌వర్డ్ ఇచ్చాడు. కొత్త సిస్టమ్ సొంత రౌటర్ని మరిచిపోయి, ఆ పాత స్నేహాన్ని పట్టుకుంది. తనకి కావలసిన మిగతా సరంజామా అంతా నిన్నటినుంచి బలరామ్ నెట్టులోంచే దించుకుంటోంది.

అంతలో కింది నుంచి కల్యాణి కేక వినిపించింది.

"ఏవండీ! నా పేరు పిలిచేత్తన్నారు! ఫోను పాస్‌వర్డ్ అడుగుతంది. ఏటి పెట్టారు?"

"వచ్చి సెప్తాను!"

"టైం లేదు, అక్కణ్ణించే అరవండి!"

గౌరీశంకర్ బలరామ్ ముఖం చూశాడు. వంటింట్లో పోపుల మధ్య సాగిన ఆ సాధన గుర్తొచ్చింది. కళ్లు మూసుకున్నాడు.

"బలరామ్ చోర్!" అని అరిచి, "అన్నీ చిన్నక్షరాలే! కలిపి కొట్టు!" అన్నాడు.

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. బలరామ్ పొట్ట పట్టుకుని నవ్వుతూ మెట్టు మీద కూలబడ్డాడు.

"అరే అన్నయ్యా, మీ ఇంటికి కాపలా కూడా నేనేనా!"

కింద ఫోను ముందు కల్యాణి పాట మొదలైంది. ఎక్కడా తెగలేదు. ఇద్దరూ మెట్ల మీదే పక్కపక్కన కూర్చుని, నవ్వు చేతులతో నొక్కుకుంటూ చివరిదాకా విన్నారు.

సాయంత్రం కల్యాణికి రెండో బహుమతి ప్రకటించారు. సాంకేతిక సహకారం అందించినందుకు ఆవిడ భర్తకి నిర్వాహకులు ప్రత్యేక ధన్యవాదాలు తెలిపారు.