దేవదానం మాస్టారి పాచి డబ్బాలు

ఆ శుక్రవారం సైన్సు మాస్టారు దేవదానం బడికి సెలవు పెట్టారు. పది గంటలకు బాపట్ల నుంచి ప్రొఫెసర్ జగన్నాథరావు రేపల్లె వచ్చి, మాస్టారి డాబా మీద పెంచుతున్న పాచి చూస్తారు. నచ్చితే కాలేజీ పరిశోధనలో మాస్టారి పేరు చేరుతుంది. నచ్చకపోతే డాబా ఆయన భార్య స్టెల్లాది. మిరపకాయలు ఆరబోసుకునే చోటు కోసం ఆమె రెండేళ్లుగా పోట్లాడుతోంది.

జనం పారేసిన మంచినీళ్ల డబ్బాలు, రైసు మిల్లు వదిలేసిన నీళ్లు, వాటిలో పాచి. పాచి నుంచి నూనె, నూనె నుంచి డీజిలు. మాస్టారి భయమల్లా ఆరోగ్య కార్యకర్త సింధు గురించే. ప్రతి శుక్రవారం ఇల్లిల్లూ తిరిగి, ఈమధ్య డాబాలు కూడా ఎక్కి, దోమలు పెరుగుతాయని నిల్వ నీళ్లు పారబోయిస్తుంది. అందుకే పోయిన గురువారం పది డబ్బాలనూ నల్ల టార్పాలిన్‌తో కప్పేశారు. దాని కింద పట్టని పదకొండోదాన్ని పారబొయ్యమని స్టెల్లాకు చెప్పారు.

తొమ్మిదిన్నరకు టార్పాలిన్ తీస్తే నీళ్లు గోధుమరంగుకు తిరిగి కుళ్లు కంపు కొట్టాయి. మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

"బ్లీచింగ్ పోశావా?"

"మీ డబ్బాల జోలికి నేనెందుకొస్తానండీ," అంది స్టెల్లా. రెండేళ్ల కోపం ఆ ఒక్క మాటలో ఉంది.

ఆమె కాకపోతే పక్కింటి వెంకటప్పయ్యే. కంపు కొడుతోందని ఎప్పుడో గొణిగాడు కాబట్టి పురుగుమందు కొట్టింది అతనేనని మాస్టారు పిట్టగోడ మీదుగా తిట్టారు. అతను నోట్లో బ్రష్షుతోనే మెట్లెక్కి వచ్చాడు. వీధిలో పోతున్న సింధును పైకి పిలిచి మరీ, మందు కలిపావని నిలదీశారు. పది డబ్బాల నిల్వ నీళ్లు ఆమె చూడటం అదే మొదలు. వెంటనే రిజిస్టరు తెరిచింది. నలుగురూ ఒకేసారి అరుస్తుండగా ప్రొఫెసర్ వచ్చారు.

ఆయన ఒక డబ్బా వాసన చూసి, పక్కనున్న టార్పాలిన్ చూశారు.

"ఇది ఎవరు కప్పారండీ?"

"నేనేనండి," అన్నారు మాస్టారు. "ఎనిమిది రోజులైంది." వెలుతురు లేనిదే పచ్చనిదేదీ బతకదని ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న మనిషి!

కిందికి దిగిన ప్రొఫెసర్ పెరట్లో పాత సిమెంటు తొట్టి దగ్గర ఆగిపోయారు. నిండా చిక్కటి పచ్చ.

"పారబొయ్యమన్న డబ్బానండి," అంది స్టెల్లా. "ఎందుకులే అని ఇందులో వంచాను. బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నా."

"దోమల్ని తినే చేపలు నేనే వేశాను మాస్టారూ," అంది సింధు. "అక్క అడిగింది. మీరూ అడగాల్సింది."

ప్రొఫెసర్ సీసా నింపుకుని, దాని మీద రాయడానికి స్టెల్లా ఇంటిపేరు అడిగారు.

ఇప్పుడు డాబా మీద పది సిమెంటు తొట్లున్నాయి. మిరపకాయలకు చోటు వెతికే పని మాస్టారిది.