నల్ల తెర, పువ్వుల కవరు

కంప్యూటర్ తెర నల్లబడటం లోపం కాదు, అదొక పరిపాలనా విధానం. ఈ సంగతి తెలియనివాళ్ళు కంప్యూటర్ నెత్తిన ఒకటి మొడతారు. తెలిసినవాళ్ళు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు వినిపించే సంగీతం వింటూ కూర్చుంటారు. నేను రెండూ చేశాను గనక ఈ విషయం మీద సాధికారికంగా మాట్లాడే అర్హత నాకుంది.

ముందుగా పాఠకుల సౌకర్యార్థం కాస్త వివరణ. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంటుంది, బొమ్మలు గీసేది అదే. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. (ఈ డ్రైవర్‌కి యూనిఫాం లేదు, లైసెన్సు లేదు, గుద్దేసి పారిపోతే పట్టుకోవడానికి కాలరు కూడా లేదు.) ఈయనగారికి మనసు బాగోలేనప్పుడు తెర నల్లబడుతుంది. కాసేపటికి వెలుగొచ్చి, మూలన ఒక ప్రకటన వెలువడుతుంది: "డిస్‌ప్లే డ్రైవర్ పనిచేయడం ఆగి, తిరిగి కోలుకుంది." ఎందుకు ఆగిందో చెప్పదు. ఎలా కోలుకుందో చెప్పదు. మనం కోలుకున్నామా లేదా అన్నది అసలు దాని పరిధిలోకే రాదు.

మా ఇంటికి ఈ పరిపాలన రాకరాక రాకూడని వారంలో వచ్చింది.

మా ఆవిడ వంటిళ్ళు గీస్తుంది. ఇళ్ళకి లోపలి హంగులు చేసే ఆఫీసులో ఉద్యోగం. గట్టు ఎంత ఎత్తుండాలి, ఏ సొరుగు ఎటు తెరుచుకోవాలి, చెత్తబుట్ట ఏ తలుపు వెనక దాక్కోవాలి, అన్నీ ఆవిడే గీస్తుంది. బొమ్మ కింద మూలన పేరు మాత్రం వాళ్ళ బాస్‌ది. ఆయన జన్మలో ఒక గట్టు ఎత్తు కొలిచి ఎరగడు గానీ, బొమ్మకి మూల ఎక్కడుంటుందో మాత్రం ఆయనకి బాగా తెలుసు. ఇలా ఉండగా మా ఆవిడ పన్ను నొప్పితో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ పన్ను తవ్వుతూ, తన కొత్త వంటింటి గోడు వెళ్ళబోసుకుంది. మా ఆవిడ నోటినిండా దూదితోనే సలహాలిచ్చింది. "మీరే సొంతంగా గీసి చూపించగలరా? శనివారం సాయంత్రం మీ ఇంటికొచ్చి చూస్తాను. నచ్చితే మా అక్కచెల్లెళ్ళ ఇళ్ళు కూడా మీకే," అంది డాక్టరమ్మ. నోట్లో దూది ఉంది గనక మా ఆవిడ తలూపింది. తలూపుతూ ఏడ్చిందట. నొప్పికేమో అనుకుని డాక్టరమ్మ ఇంకో ఇంజెక్షన్ ఇచ్చింది.

నొప్పికి కాదు. మూలన తన పేరు రాసుకోవచ్చని.

కాబట్టి కావలసింది ఒక చిన్న వీడియో. చూసేవాళ్ళు తలుపులోంచి వంటింట్లోకి నడిచి, పొయ్యి దాటి, సింకు దాటి, కిటికీ వైపు తిరిగినట్టు ఉండాలి. ఇది తయారవడానికి కంప్యూటర్ చాలాసేపు ఏకబిగిన ఒళ్ళొంచి పనిచేయాలి. మా కంప్యూటర్ తలుపులోంచి వచ్చింది, పొయ్యి దాటింది, సింకు దాటింది, కిటికీ వైపు తిరగబోయి నల్లబడింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే. ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇక్కడ మా అత్తయ్యగారిని పరిచయం చేయాలి. కూతురికి ముఖ్యమైన పని పడిందని తెలిసి, ఆ వారం సాయం చేయడానికి కుట్టుమిషన్‌తో సహా దిగారు. అత్తయ్యగారి ప్రేమకి ఒకే ఒక్క రూపం ఉంది, కవరు. ఫ్రిజ్‌కి కవరు, టీవీకి కవరు, టీవీ రిమోట్‌కి కవరు, ఆ కవర్లన్నీ పెట్టుకోవడానికి జిప్పున్న పెద్ద కవరు. (నాకూ ఒక స్వెట్టర్ ఉంది. ఆ ప్రేమని నేను ఎండాకాలంలో కూడా తొడుక్కున్నాను.) వచ్చీరాగానే మా సీపీయూ డబ్బాని చూసి ఆవిడ గుండె తరుక్కుపోయింది.

"ఇంత ముఖ్యమైన వస్తువుని ఇలా దుమ్ములో వదిలేస్తారా, అల్లుడుగారూ?"

సాయంత్రానికల్లా దానికి గులాబీపువ్వుల కవరు వచ్చింది. అడుగున కుచ్చులు, వెనక ముడేసుకోవడానికి నాలుగు నాడాలు, ముందు మాత్రం ఆన్ చేసే మీట కోసం ఒక కాజా. చూడముచ్చటగా ఉంది. మర్నాడే తెర మొదటిసారి నల్లబడింది.

"చూశారా, అప్పటికే దుమ్ము లోపలికి పోయింది. నేనే ఆలస్యం చేశాను," అని అత్తయ్యగారు నొచ్చుకుని, కవరు లోపల దూది పెట్టి ఇంకో పొర కుట్టారు. అప్పటినుంచి తెర మరింత తరచుగా నల్లబడసాగింది. దాంతో వ్యవహారం హెల్ప్‌లైన్‌కి వెళ్ళింది.

హెల్ప్‌లైన్ అనేది మూడంచెల వ్యవస్థ. మొదటి అంచె అధికారికి ఒక్క వాక్యమే అనుమతి: "ఆపి, మళ్ళీ ఆన్ చేయండి సర్." రెండో అంచె అధికారి ఇంకాస్త పైస్థాయి గనక, "డ్రైవర్ తీసేసి, మళ్ళీ వేయండి సర్," అనొచ్చు. మూడో అంచె అధికారితో మాట్లాడాలంటే కింది ఇద్దరూ తమకి చేతకాలేదని ఒప్పుకోవాలి. సంస్థ పుట్టినప్పటినుంచి ఎవరూ ఒప్పుకోలేదు గనక మూడో అంచె ఇంతవరకూ ఒక్క సమస్యలో కూడా విఫలం కాలేదు.

రెండో అంచె అధికారి నాకు బాగా దగ్గరయ్యాడు. ఆయన చెప్పినట్టు పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను. నల్లబడింది.

"కొత్తదాంట్లో ఒక ఇబ్బంది ఉంది సర్. పాతది వేయండి."

"పాతదాంట్లో ఇబ్బంది ఉందనే కదండీ కొత్తది వేయమన్నారు?"

"అవును సర్. కానీ పాతదాంట్లో ఉన్న ఇబ్బంది మనకి అలవాటైన ఇబ్బంది సర్."

ఇంత తాత్త్వికమైన మాట నాకు మా ఆఫీసులో కూడా ఎవరూ చెప్పలేదు. పాతది వేశాను. పొయ్యి కూడా దాటకముందే నల్లబడింది.

"సర్, ఇప్పుడు తనిఖీ ప్రశ్నలు. మీ కంప్యూటర్ దగ్గర దుమ్ముందా?"

"లేదండీ. మా అత్తయ్యగారు కవరు కుట్టారు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. ఆయన గొంతులో నిజమైన గౌరవం వినిపించింది.

"చాలా మంచి పని సర్. ఇంత శ్రద్ధ తీసుకునే కస్టమర్లు మాకు అరుదు. దాన్నలాగే కొనసాగించండి."

నేనీ ప్రశంసని ఇంట్లో సన్మానపత్రం చదివి వినిపించినంత గంభీరంగా ప్రకటించాను. అత్తయ్యగారు చెమర్చిన కళ్ళు కొంగుతో ఒత్తుకుని, మిషన్ దగ్గరికి వెళ్ళి మూడో పొర మొదలుపెట్టారు.

నేను ఆఫీసు మనిషిని. సర్క్యులర్ లేనిదే సమస్య ఉందంటే నమ్మను, తీరిందన్నా నమ్మను. కాబట్టి ఇంట్లో ఉత్తర్వులు జారీ చేశాను. వీడియో తయారవుతున్నంతసేపు మిక్సీ వేయరాదు. వాషింగ్ మిషన్ తిరగరాదు. కంప్యూటర్ ఎదురుగా దానిగురించి చెడ్డగా మాట్లాడరాదు. (ఈ చివరిది మా ఆవిడని ఉద్దేశించి జారీ అయింది.) కింది వాటా మేష్టారు కూడా తనవంతు సాయంగా పైకొచ్చి, తన కంప్యూటర్ కూడా వారానికోసారి నల్లబడుతుందనీ, అప్పుడు తను కిటికీ మూసేస్తాననీ సెలవిచ్చారు. మా ఇంట్లోని కిటికీలన్నీ మూసేశాం. వీడియోలో కిటికీ తప్ప.

శుక్రవారానికి మా ఆవిడ అరవడం మానేసింది. ఆవిడ అరిస్తే నాకు భయం లేదు. మానేస్తే భయం. తెర ముందు కూర్చుని, ఖాళీ మూల వైపు చూస్తూ అంది:

"పేరు ఇప్పుడే రాసి పెట్టుకోవాలా, పూర్తయ్యాక రాసుకోవాలా అని ఆలోచిస్తున్నానండీ. ముందే రాస్తే దిష్టి తగులుతుందేమో."

సర్క్యులర్ ఏదైనా ఇద్దామనుకున్నాను గానీ, దానికి తగిన భాష దొరకలేదు.

శనివారం పొద్దున ఇల్లు యుద్ధానికి సిద్ధమైంది. మా ఆవిడ వీడియో మొదలుపెట్టింది. నేను రెండో అంచె అధికారిని ఫోన్‌లో పట్టుకుని, స్పీకర్ పెట్టి, టేబుల్ మీద ఉంచాను. ఆయన అక్కడ, మేమిక్కడ, మధ్యలో సంగీతం. సరిగ్గా అప్పుడు అత్తయ్యగారు సీపీయూ వెనక వంగి నాడాలు విప్పడం మొదలుపెట్టారు.

"అత్తయ్యగారూ! ఏం చేస్తున్నారు?"

"సాయంత్రం ఆ డాక్టరమ్మ వస్తుంది కదా బాబూ. ముందువైపు కాఫీ మరక పడింది. ఉతికి ఆరేస్తాను. డాక్టర్లు ముందు శుభ్రతే చూస్తారు."

"అలా కవరు లేకుండా వదిలేస్తే ఎలాగండీ?"

"ఒక్కపూట ఓర్చుకుంటుందిలెండి. ఎవరూ చూడకుండా ఆ కుర్చీ అడ్డం పెట్టండి," అని మూడు పొరలూ చంకన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

సీపీయూ బోసిగా నిలబడింది. తలుపులోంచి వీడియో లోపలికి వచ్చింది. పొయ్యి దాటింది. సింకు దాటింది. నేను కళ్ళు మూసుకున్నాను. బాల్కనీలోంచి బట్ట బాదుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం వినిపించలేదు.

"ఏమండీ."

కళ్ళు తెరిచాను. కిటికీ! కిటికీలోంచి ఒక చెట్టు, చెట్టు మీద ఎండ. మా ఆవిడ ఆ కిటికీ అవతల ఒక చెట్టు గీసి పెట్టిందనీ, ఆ చెట్టుని మాకు చూపించడానికే ఇంత తపన పడిందనీ నాకప్పుడే తెలిసింది. నేను ఎగిరి గంతేశాను. నా స్లిప్పర్ ఒకటి ఫ్రిజ్ మీద పడింది. (కవరుంది గనక ఫ్రిజ్‌కి ఏమీ కాలేదు.)

మా ఆవిడ మాత్రం గంతేయలేదు. సీపీయూ మీద చెయ్యి పెట్టి చూసింది. దాని వెనకవైపుకి వంగి, ఫ్యాన్ గాలి వస్తున్నచోట అరచెయ్యి ఉంచింది. ఆ గాలికి పక్కనున్న కర్టెన్ ఊగుతోంది. కర్టెన్‌ని చూసింది, బాల్కనీలో కవరు పిండుతున్న తల్లిని చూసింది. నాకూ అప్పుడే అర్థమైంది. వారంరోజులుగా ఆ గాలి మూడు పొరల గులాబీల్లో ఇరుక్కుని మళ్ళీ లోపలికే పోతోంది. డ్రైవర్ ఆగిపోయింది మనసు బాగోలేక కాదు, ఉక్కపోసి.

నేను నోరు తెరవబోయాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

"అమ్మా," అంది బాల్కనీ వైపు తిరిగి, "తొందరేం లేదు. నీడపట్టున మెల్లిగా ఆరనీ."

టేబుల్ మీద ఫోన్‌లో సంగీతం ఆగింది. "సర్, లైన్‌లో ఉన్నారా? సమస్య ఎలా ఉంది సర్?"

"తీరిపోయిందండీ!"

"చాలా సంతోషం సర్. చివరిగా మీరు చేసిందేమిటి?"

అత్తయ్యగారు వినేంత దూరంలోనే ఉన్నారు. మా ఆవిడ కాలు ఇంకా నా కాలి మీదే ఉంది. అబద్ధం చెప్పకుండా, నిజం బయటపెట్టకుండా జవాబివ్వడం ఆఫీసు మనుషులకి వెన్నతో పెట్టిన విద్య.

"కవరు ఉతికి, నీడపట్టున ఆరేశాం," అన్నాను.

"ఉతికి... నీడపట్టున..." ఆయన అక్షరం పొల్లుపోకుండా టైపు చేసుకున్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. వీడియో రెండుసార్లు చూసింది, మూడోసారి వాళ్ళ చెల్లెలికి ఫోన్‌లో చూపించింది. కింద మూలన మా ఆవిడ పేరు, ముత్యాల్లాంటి అక్షరాలతో. తరవాతి నెల మా ఆవిడ ఉద్యోగం మానేసింది. వాళ్ళ బాస్ ఇప్పుడు గట్టు ఎత్తు ఎంతుండాలో కనుక్కోవడానికి ఫోన్ చేస్తుంటాడు. ఆవిడ సంగీతం పెట్టి వదిలేస్తుంది.

కవరు ఆరాక అత్తయ్యగారు దాన్ని పట్టుకుని సీపీయూ ముందు కాసేపు నిలబడ్డారు. మా ఆవిడ పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళింది. నేను పనున్నట్టు పైకప్పు చూశాను. అత్తయ్యగారు ఏమనుకున్నారో ఏమో, "పాపం, ప్రింటర్‌కి ఏమీ కుట్టలేదు," అంటూ తీసుకెళ్ళి దానికి తొడిగారు. మా ప్రింటర్ పనిచేయడం మానేసి చాలాకాలమైంది గనక ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఆమధ్య కింది వాటా మేష్టారు ఒక కాగితం పట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చారు. హెల్ప్‌లైన్ వాళ్ళు పంపిన సరికొత్త అధికారిక పరిష్కారం. "సుదీర్ఘ పరిశోధన అనంతరం మా నిపుణులు కనుగొన్నదేమనగా: తెర నల్లబడినప్పుడు కంప్యూటర్ కవరును ఉతికి, నీడపట్టున ఆరవేసి, తిరిగి తొడగవలెను." కింద మూలన మూడో అంచె అధికారి పేరు, హోదాతో సహా.

మా ఆవిడ కాగితం అందుకుని ఆ మూల చూసింది. "మా బాస్ ఇక్కడ చేరాడా ఏమిటి?" అంది.

"ఏ సబ్బుతో ఉతకాలో రాశారా?" అన్నారు అత్తయ్యగారు.

"రాయలేదండీ."

"అయితే వాళ్ళకేం తెలీదు," అని తేల్చేశారు.

మేష్టారు గొంతు సవరించుకున్నారు. "అసలు చిక్కేమిటంటే అమ్మా, ఉతుకుదామంటే నా దగ్గర కవరే లేదు. మీరొకటి కుట్టిపెడితే..."

అత్తయ్యగారు అప్పటికే టేపు తీశారు. మా ఆవిడ మేష్టారిని గుమ్మం దాకా సాగనంపుతూ, తల్లికి వినపడకుండా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. "కవరు అసలొద్దు మేష్టారూ. గాలి ఆడితే చాలు."

మేష్టారు ఆవిడ వైపు జాలిగా చూసి, కాగితం మూలన వేలు పెట్టి చూపించారు.

"నువ్వు చెప్పింది బాగానే ఉందమ్మా. కానీ ఇందులో నీ పేరు లేదు కదా."

మేష్టారి తెర ఇదివరకు వారానికోసారి నల్లబడేది. కవరు వచ్చాక రోజూ నల్లబడుతోంది. రోజూ ఉతుకుతున్నారు.