మగ్గాల వీధి బడికి తాలీం ఉస్తాద్

శాంతయ్య పంతులు ఆ పొద్దున వేసుకున్న ఏర్పాటులో ఎక్కడా లోపం లేదు. తొమ్మిదింటికి బడి తలుపు తీయాలి. పిల్లల చేత నల్లబల్ల తుడిపించాలి. జమ్ములమ్మకు తన కుర్చీ ఇచ్చి, తాను గోడ పక్కన నిలబడాలి. మధ్యాహ్నం చదువుల శాఖ ఇన్‌స్పెక్టరు జట్కా దిగగానే దండ వేసి, జమ్ములమ్మ పాఠం చూపించి, మంజూరు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాత ఇంటికి పోయి కడుపునిండా తిని, మూడేళ్ల నుంచి బాకీపడ్డ నిద్ర పోవాలి.

మూడేళ్ల నుంచీ ఆయన ఒకే అర్జీని తిప్పి తిప్పి రాయిస్తున్నాడు. గద్వాల మగ్గాల వీధిలోని ఆ చిన్న బడిలో పుట్టుకతోనే చెవులు వినపడని పిల్లలు ముగ్గురున్నారు. వాళ్లకు పాఠం చెప్పడం శాంతయ్యకు చేతకాలేదు. గొంతు చించుకుని అరిచి చూశాడు. పక్క వీధివాళ్లకు ఎక్కాలు వచ్చాయి కానీ ఈ ముగ్గురికి రాలేదు. అప్పుడు దొరికింది జమ్ములమ్మ. ఆమె పెనిమిటి కూడా పుట్టు చెవిటివాడే, మంచి నేతగాడు. ఆయనతో పదేళ్లు చేతి సైగలతోనే కాపురం చేసింది, చేతి సైగలతోనే కొట్లాడింది. ఆయన పోయాక ఆ సైగలు పలకరించే మనిషి లేక మూలబడ్డాయి. బడికి వచ్చిన వారం రోజుల్లో ముగ్గురు పిల్లల చేతా అక్షరాలు దిద్దించింది. వాళ్లలో తొమ్మిదేళ్ల మల్లమ్మ అయితే శాంతయ్య నల్లబల్ల మీద రాసిన దాంట్లో తప్పు పట్టేంతదైంది.

కానీ ఉత్త పుణ్యానికి ఎన్నాళ్లు చెబుతుంది? గట్టు అనే ఊళ్లో ఉన్న అన్న, వచ్చి తన చేలో పని చేసుకొమ్మని కబురు మీద కబురు పంపుతున్నాడు. "ఈ మంజూరు గిట్ట రాకుంటె రేపే బండెక్కుత పంతులూ. నన్ను తప్పు పట్టకు," అని ఆమె ముందే చెప్పేసింది. ఆమె బండెక్కితే ఆ ముగ్గురూ మళ్లీ మగ్గం కింద కండెలు చుట్టుకుంటూ కూర్చోవలసిందే. ఆ మాట తలచుకున్నప్పుడల్లా శాంతయ్యకు అన్నం సహించేది కాదు.

అందుకే వారం కింద ఉర్దూలో మంజూరు కాగితం వచ్చినప్పుడు ఆయన నెత్తిన పాలు పోసినట్టయింది. ఉర్దూ ఆయనకు కూడబలుక్కుంటే వస్తుంది. కూడబలుక్కున్నాడు. 'ఖాస్ తాలీం కొరకు ఒక ఉస్తాద్ మంజూరు' అని ఉంది. ఖాస్ అంటే ప్రత్యేకం. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ఉస్తాద్ పనిలో కనబడకపోతే మంజూరు రద్దు అని కూడా ఉంది. వెనక రెండో కాగితంలో చిన్న అక్షరాలతో ఏదో జాబితా ఉంది. చిన్న అక్షరాలు రాసినవాళ్లే చదువుకుంటారని ఆయన దాన్ని మడిచి పెట్టేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సర్కారు కాగితం మీద తాలీం అంటే చదువు, ఉస్తాద్ అంటే పంతులు. వీధిలో మనుషుల నోట మాత్రం తాలీం అంటే కుస్తీ సాధన, ఉస్తాద్ అంటే ఆ కుస్తీ నేర్పే పహిల్వాన్. ఈ రెండు అర్థాలూ ఇన్నాళ్లు ఒకదాని దారికి ఒకటి అడ్డం రాకుండా బతికాయి. ఆ రోజే ఎదురుపడ్డాయి.

తొమ్మిదింటికి బడి ముందర ఒక ఎడ్లబండి ఆగింది. దాని నిండా జల్లెడ పట్టిన ఎర్రమన్ను.

"తాలీం మన్ను ఏడ పొయ్యాలె పంతులూ?" అన్నాడు బండివాడు.

శాంతయ్య మురిసిపోయాడు. వెనక గదిలో నేలంతా గుంతలని రెండేళ్ల కింద ఒక అర్జీ పెట్టి తానే మరిచిపోయాడు. సర్కారు మరవలేదన్నమాట. "జమ్ములమ్మ పిల్లల్ని కూసోబెట్టే గదిలనే పొయ్యి. మంచిగ పరువు," అన్నాడు.

బండివాడు మంచిగానే పరిచాడు. జానెడు మందం వచ్చింది. మూలనున్న పలకలన్నీ అడుగున పడి మాయమయ్యాయి. తర్వాత బండివాడు ఆ మన్నులో నువ్వుల నూనె, పసుపు, కుండెడు మజ్జిగ పోసి కాళ్లతో కలపడం మొదలుపెట్టాడు.

"ఇదేం అలుకుడు?" అంది జమ్ములమ్మ గుమ్మంలో నిలబడి.

"సర్కారు పద్ధతి గట్లనే ఉంటది. నీకెందుకు, జర ఊకో," అన్నాడు శాంతయ్య.

ఇంకో గంటకు ఒక జవాను వచ్చి బాదంపప్పు సంచి, నెయ్యి కుండ దింపాడు. "ఉస్తాద్ ఖురాక్," అని చెప్పి సంతకం పెట్టించుకుపోయాడు. ఖురాక్ అంటే తిండి అని శాంతయ్యకు తెలుసు. ఈసారి ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "చూసినవా జమ్ములమ్మా! చదువు చెప్పేటోళ్లకు మెదడు అలుస్తదని బాదంలు పంపిండ్రు. ఇరవై ఏండ్ల సంది నాకు బెల్లం ముక్క గూడ పంపలేదు," అన్నాడు. అందులో కొంచెం కుళ్లు కూడా ఉంది.

పదకొండు దాటాక గుమ్మం చీకటయింది. చూస్తే ఒక మనిషి. గుమ్మం ఎంత వెడల్పో ఆయన అంత. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. నలిగి ముద్దయిపోయిన చెవులు. ఇన్‌స్పెక్టరు కన్నా ముందుగా వచ్చిన బంట్రోతు కాబోలు అనుకున్నాడు శాంతయ్య.

"సాహెబ్ పంపిండా?"

"అట్లనే!" అన్నాడు ఆ మనిషి ఇల్లు ఎగిరిపోయేలా.

"సాహెబ్ ఎప్పుడొస్తడు?"

"అట్లనే!"

"నీళ్లు తాగుతవా?"

"అట్లనే!"

శాంతయ్య నీళ్లు తెచ్చేసరికి ఆ మనిషి అంగీ విప్పి, లంగోటీ బిగించి, ఎర్రమన్ను మీద దండీలు తీస్తున్నాడు. మల్లమ్మ వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. మడతపెట్టిన ఆయన అంగీ మీద ఒక కాగితం ఉంది. శాంతయ్య దాన్ని తీసి కూడబలుక్కున్నాడు. 'ఖాస్ తాలీం ఉస్తాద్, భీమయ్య పహిల్వాన్.'

కూడబలుక్కోవడం పూర్తయ్యేసరికి ఆయన గుండె జారి ఎర్రమన్నులో పడింది. రెండో కాగితం తీసి చిన్న అక్షరాలు చదివాడు. మన్ను, నూనె, పసుపు, మజ్జిగ, బాదంలు, నెయ్యి, లంగోటీలు రెండు. అర్జీలు రాసే తుకారాం కోసం పిల్లల్ని పరుగెత్తించాడు. తుకారాం చెవిన కలంతో సహా వచ్చాడు.

"అర్జీల ఏం రాసినవు తుకారాం?"

"నువ్వు చెప్పిందే రాసిన. తాలీం కోసరం ఖాస్ ఉస్తాద్ కావాలె, నోటితోటి కాదు, అంత చేతులతోటే నేర్పాలె అన్నవు. చేతులతోటే అని రెండుసార్ల రాసిన, జర జోరుగ ఉంటదని."

"పిల్లలకు చెవులు వినపడయని రాయలేదా?"

"రాసిన. 'ఈ పిల్లలు ఎవ్వరి మాటా వినరు' అని రాసిన."

శాంతయ్య తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. సర్కారు దఫ్తరులో ఆ అర్జీ చదివిన గుమాస్తాను కూడా ఏమనగలం? ఎవరి మాటా వినని పిల్లలకు చేతులతో బుద్ధి చెప్పే ఉస్తాద్ కావాలంటే, ఆయన తన తెలివి కొద్దీ ఊళ్లోకెల్లా బలమైన చేతులు పంపాడు.

ఈలోగా మన్ను బండి చూసినవాళ్లు, లంగోటీ చూసినవాళ్లు వీధంతా చాటింపు వేశారు. మగ్గాలు ఆగిపోయాయి. బడి ముందర నూరు మంది చేరి "కుస్తీ ఎప్పుడు?" అని అరుస్తున్నారు. ఆ గోలలో జట్కా గంటలు వినిపించాయి. ఇన్‌స్పెక్టరు!

శాంతయ్య లోపలికి పరుగెత్తాడు. భీమయ్య భుజం పట్టుకుని ఊపాడు. గోడను ఊపినట్టే ఉంది. "నీకు దండం పెడత, జర వెనక తలుపుల నుంచి వెళ్లిపో!"

"అట్లనే!" అన్నాడు భీమయ్య సంతోషంగా, కదలకుండా.

అప్పటిదాకా ఊరుకున్న జమ్ములమ్మ ముందుకు వచ్చింది. భీమయ్య ఎదురుగా కూర్చుని, ఆయన చెవుల వంక చూసింది. తర్వాత వేళ్లు నోటి దగ్గరికి తీసుకుపోయి కనుబొమ్మలు ఎత్తింది. తిన్నావా అని. భీమయ్య ఎప్పటిలా "అట్లనే" అనబోయి ఆగిపోయాడు. ఆయన కొండంత ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయిపోయింది.

"తినలేదు," అన్నాడు మెల్లగా. "ఆరేండ్లాయె నన్నెవ్వరన్న గిట్ల అడిగి. కుస్తీల ఒకడు రెండు చెవుల మీద ఒక్కసారే గుద్దిండు. అప్పటి సంది ఏం వినపడదు. చెప్తె తాలీంఖానల నుంచి ఎళ్లగొడ్తరని ఎవలేమన్నా అట్లనే అంటున్న. ఈడికి పొమ్మన్నప్పుడు గూడ అట్లనే అన్న. ఎందుకొచ్చిన్నో నాకు తెల్వదు తల్లీ."

జమ్ములమ్మ గొంతు పూడుకుపోయింది. అయితే ఆమె మాట్లాడేది చేతులతో కాబట్టి ఇబ్బంది లేకపోయింది. మల్లమ్మ పక్కన జాగా చూపించింది. భీమయ్య వెళ్లి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పలకలు మన్ను కింద ఉన్నాయి కనుక ఆమె మన్ను మీదనే వేలితో రాసి దిద్దించడం మొదలుపెట్టింది.

జనాన్ని తోసుకుంటూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలతో, చిరాకుగా ఉండే మనిషి. కానీ ఆ వేళ ఆయన ముఖం వెలిగిపోతోంది. "శాబాష్! చదువు చూడనీకి ఇంతమంది వచ్చిండ్రంటె నేను యాడా చూడలే!" అన్నాడు. శాంతయ్య ఆ మాటను సరిదిద్దలేదు.

గదిలోకి అడుగుపెట్టి ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ముగ్గురు పిల్లలు, లంగోటీ కట్టిన ఒక పహిల్వాన్, ఎర్రమన్ను మీద వంగి అక్షరాలు రాస్తున్నారు. మల్లమ్మ తన పేరు మొత్తం రాసి, ఆగి, సాహెబ్ బూట్లు తొక్కిన అక్షరాన్ని మళ్లీ దిద్దింది. జమ్ములమ్మ ఏడు వేళ్లు చూపిస్తే ఏడు బాదంలు తీసి వరస పెట్టింది. ఇన్‌స్పెక్టరు ఒంగి కూర్చుని రెండు చేతులతో తొమ్మిది చూపించాడు. తొమ్మిది బాదంలు వచ్చాయి. ఆయన కాసేపు తన హోదా మరిచిపోయి వేళ్లు చూపిస్తూనే ఉన్నాడు.

తర్వాత కాగితం తీశాడు. "ఉస్తాద్ పేరు భీమయ్య అని ఉంది. ఎవరు భీమయ్య? నువ్వేనా ఈ బడి ఉస్తాద్?" అని పహిల్వాన్‌ను వేలితో చూపిస్తూ అడిగాడు.

శాంతయ్య కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు రాబోయే మాట ఒక్కటే, మూడేళ్ల అర్జీలూ ముగ్గురు పిల్లల చదువూ ఆ ఒక్క మాటతో పోతాయి.  జమ్ములమ్మ చేతులు మాత్రం కదిలాయి. ముందు భీమయ్యను చూపించింది, తర్వాత నల్లబల్లను చూపించింది, తర్వాత కనుబొమ్మలు ఎత్తింది.

"కాదు!" అన్నాడు భీమయ్య. కప్పు మీద పెంకులు కదిలాయి. "నేను ఉస్తాద్ కాదు సాహెబ్. గీ తల్లి నా ఉస్తాద్. నేను ఇయ్యాల్నే బడిల చేరిన."

ఇన్‌స్పెక్టరుకు అంతా అర్థం కావడానికి పావుగంట పట్టింది. తుకారాం తన ఉర్దూ గురించి చెప్పబోతే, శాంతయ్య ఆయన నోరు మూశాడు. చివరికి సాహెబ్ కలం తీశాడు.

"చూడు పంతులూ. పేరు మార్చి రాసే అధికారం నాకు ఉంది, రాస్త. కొలువు పేరు మార్చే అధికారం లేదు. మార్చాలంటె మళ్ల అర్జీ పెట్టాలె, మళ్ల మూడేండ్లు పడ్తది. ఏమంటవు?"

శాంతయ్య జమ్ములమ్మ వంక చూశాడు. "పిల్లలు చదువుకుంటరు గదా, నన్ను ఏమని పిలిస్తె ఏంది?" అంది ఆమె. భీమయ్య తన చోటు వదులుకున్నట్టు కాగితం కింద, అప్పుడే నేర్చుకున్న 'భీ' ఒక్కటి రాశాడు. సాహెబ్ సంతకం పెట్టాడు. బయట జనానికి కుస్తీ లేదని తెలిసి సగం మంది వెళ్లిపోయారు. మిగతా సగం మంది కిటికీలోంచి పాఠం చూశారు.

అప్పటి నుంచి తాలీం ఉస్తాద్ జమ్ములమ్మకు నెల నెలా జీతం వచ్చింది, బాదంలూ వచ్చాయి. భీమయ్య కుస్తీ నేర్పే తన సర్కారు తాలీంఖానా కొలువుకు తిరిగిపోయినా, వారానికి మూడు పూటలు వచ్చి మల్లమ్మ పక్కన కూర్చునేవాడు. శాంతయ్యకు అన్నం సహించింది.

ఆ దసరాకు కుస్తీల జాబితా తయారుచేసిన గుమాస్తా, సర్కారు జీతం తీసుకునే తాలీం ఉస్తాదుల పేర్లన్నీ రిజిస్టరులోంచి ఎత్తి జతలు కట్టాడు. భీమయ్యకు ఎదురు జమ్ములమ్మ పడింది. వేలమంది చూస్తుండగా భీమయ్య గోదాలో దిగి, ఎదుటి పేరు చదువుకుని, గురువు మీద చెయ్యెత్తనని దండం పెట్టి బయటికి వచ్చేశాడు. రిజిస్టరు ప్రకారం ఆ ఏడాది కుస్తీ గెలిచింది జమ్ములమ్మ.